పేగుల్లో సీటు ఎవరిది? – యాంటీబయాటిక్, ప్రోబయోటిక్, పెరుగన్నం

ఇండియా వెళ్ళి తిరిగొచ్చే మనవాళ్ళ సూట్‌కేసు తెరిస్తే సాధారణంగా మూడు రకాల సరుకు కనిపిస్తుంది. ఒకటి ఆవకాయ, గోంగూర, కందిపొడి. రెండు చీరలు, పిల్లల బట్టలు. మూడు, "అవసరానికి ఉంటాయి" అని మందుల షాపులో కొని తెచ్చుకున్న యాంటీబయాటిక్ మాత్రల అట్టలు. అమెరికాలో డాక్టరు అపాయింట్‌మెంటు దొరకడం ఎంత కష్టమో, ఆ తరవాత ఇంటికొచ్చే బిల్లు ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళు ఈ మూడో సరుకుని చూసి నవ్వలేరు.

వీటికి తోడు ఇక్కడి షాపుల్లో దొరికే సరుకు ఒకటుంది. అదే ప్రోబయోటిక్ సీసా. ఒక్కో మాత్రలో ఇన్ని వందల కోట్ల మేలు చేసే బాక్టీరియా ఉన్నాయని దాని మీద రాసి ఉంటుంది. యాంటీబయాటిక్ వేసుకున్నప్పుడు దాని పక్కన ఒక ప్రోబయోటిక్ కూడా వేసుకుంటే లెక్క సరిపోతుందని మనలో చాలామంది నమ్మకం. అంటే, ఒక మాత్రతో చంపినవాటిని ఇంకో మాత్రతో కొనుక్కుంటున్నామన్నమాట!

లెక్క నిజంగా సరిపోతుందా? ఈ ప్రశ్న పట్టుకుని కొన్ని శని, ఆదివారాలు పరిశోధన పత్రాలు చదివాను. నేను డాక్టర్ని కాను. ఎం.ఎస్. చెయ్యడానికి వచ్చి, ఇక్కడే ఉద్యోగంలో స్థిరపడి, ప్రోగ్రాములు రాసుకుంటున్నవాణ్ణి. కాబట్టి దీన్ని వైద్య సలహాగా తీసుకోకండి. ఒక విషయాన్ని కుదురుగా చదివి, తోటివాళ్ళకి అర్థమయ్యేలా చెప్పే ప్రయత్నం ఇది. మన సంఘంలో డాక్టర్లకి కొదవ లేదు. నేను చెప్పినదాన్ని వాళ్ళతో మాట్లాడి సరిచూసుకోండి.

మనతో ఉండేవాళ్ళ జనాభా లెక్కలు

మన ఒంట్లో మన సొంత కణాలకి పదింతల బాక్టీరియా ఉంటాయని చాలాకాలం పుస్తకాల్లో రాస్తూ వచ్చారు. 2016లో ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థకి చెందిన రాన్ మిలో, మరి ఇద్దరు పరిశోధకులు కలిసి ఈ లెక్కని మొదటినించి మళ్ళీ వేశారు. సగటు మనిషిలో సొంత కణాలు దాదాపు 30 లక్షల కోట్లు, బాక్టీరియా దాదాపు 38 లక్షల కోట్లు అని తేలింది. పదింతలు కాదు, ఇంచుమించు సరిసమానం. వీటన్నిటి బరువు కలిపితే 200 గ్రాములు. ఇందులో అత్యధిక భాగం పెద్దపేగులోనే ఉంటుంది.

ఇవి అక్కడ ఊరికే కూర్చుని తినవు. మనకి అరగని పీచుపదార్థాన్ని పులియబెట్టి, పెద్దపేగు గోడలకి ఆహారమయ్యే ఆమ్లాలుగా మారుస్తాయి. కొన్ని విటమిన్లు తయారుచేస్తాయి. మన రోగనిరోధక వ్యవస్థకి ఎవరు మనవాళ్ళు, ఎవరు పరాయివాళ్ళు అన్న పాఠం చెబుతాయి. వీటన్నిటితో పాటు ఇంకో పని చేస్తాయి. ఈ వ్యాసం దాని గురించే. అది కాపలా.

కాపలా అంటే కత్తులు పట్టుకుని నిలబడటం అనుకోకండి. మన ఆర్టీసీ బస్సు గుర్తు తెచ్చుకోండి. పండగ ముందురోజు విజయవాడ బస్టాండులో బస్సు వచ్చి ఆగీ ఆగకముందే కిటికీల్లోంచి తువ్వాళ్ళు, సంచులు పడిపోతాయి. రెండు నిమిషాల్లో బస్సు నిండిపోతుంది. ఆ తరవాత వచ్చినవాడు ఎంత గట్టివాడైనా ఫుట్‌బోర్డు మీద వేలాడి, చివరికి దిగిపోవాల్సిందే. పేగుల్లోనూ ఇంతే. గోడ పక్కన చోటు, దొరికే తిండి అన్నీ పాత కాపురస్తులు పంచేసుకుని ఉంటారు. కొత్తగా వచ్చిన రోగక్రిమికి నిలబడే చోటు, తినే తిండి దొరకవు. పైగా పాతవాళ్ళు కొన్ని విషపదార్థాలు కూడా వదులుతారు. అవి తమ జోలికి వచ్చే ఇతర బాక్టీరియాని చంపుతాయి.

ఈ సంగతిని చక్కగా చూపించిన ప్రయోగం 1950ల్లో చికాగో విశ్వవిద్యాలయంలో జరిగింది. మామూలు ఎలుకకి సాల్మొనెల్లా అనే పేగుల రోగం అంటించాలంటే దాని నోట్లో లక్ష దాకా క్రిములు వెయ్యాల్సి వచ్చింది. అదే ఎలుకకి ముందుగా ఒక మోతాదు స్ట్రెప్టోమైసిన్ ఇస్తే పదిలోపు క్రిములే సరిపోయాయి. ఎలుక బలహీనపడలేదు, క్రిమి బలపడలేదు. బస్సు ఖాళీ అయింది, అంతే.

మన సుబ్బారావుగారి వైపు ఒకసారి

ఇంతవరకూ చదివి యాంటీబయాటిక్స్ అంటే విలన్లనుకునే ప్రమాదం ఉంది. అందుకని ఒక తెలుగువాడి కథ చెప్పుకుందాం.

1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు స్ప్రూ అనే పేగుల జబ్బుకి ఇద్దరు సోదరుల్ని కొద్ది రోజుల తేడాలో పోగొట్టుకున్నారు. ఆ జబ్బు ఆయనకీ వచ్చింది. ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద వైద్యంతో బయటపడ్డారు. 1923లో అమెరికా వచ్చి, హార్వర్డులో చదివి, అక్కడే పనిచేసి, తరవాత లెడర్లీ అనే మందుల కంపెనీలో పరిశోధన విభాగానికి అధిపతి అయ్యారు. ఆయన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. ఆయన అధిపతిగా ఉన్న రోజుల్లోనే బెంజమిన్ డగ్గర్ ఆరియోమైసిన్ కనిపెట్టారు. టెట్రాసైక్లిన్ కుటుంబానికి చెందిన మొట్టమొదటి మందు అది. 1948లో లోకానికి తెలిసింది. ఆ యేడే సుబ్బారావుగారు కన్నుమూశారు.

ఉష్ణదేశాల్లో వచ్చే స్ప్రూకి ఇప్పటికీ ఇచ్చే వైద్యం ఏమిటో తెలుసా? ఫోలిక్ ఆమ్లం, టెట్రాసైక్లిన్. తన సోదరుల్ని తీసుకుపోయిన జబ్బుకి వాడే ఫోలిక్ ఆమ్లం, టెట్రాసైక్లిన్ కుటుంబపు మొదటి మందు రెండూ ఆయన నడిపిన ప్రయోగశాల నుంచే వచ్చాయి!

అవసరమైన చోట యాంటీబయాటిక్ ప్రాణం పోస్తుంది. ఆరియోమైసిన్ లాంటివి ఒకటి రెండు రకాలతో ఆగకుండా ఎన్నో రకాల బాక్టీరియా మీద పనిచేస్తాయి. డాక్టరుకి అదొక పెద్ద సౌకర్యం. ఏ క్రిమో కచ్చితంగా తెలియకపోయినా వైద్యం మొదలుపెట్టవచ్చు. కాని ఆ మందుకి దొంగ ఎవరో, కాపలావాడు ఎవరో తెలియదు. ఊపిరితిత్తుల కోసం వేసుకున్న మాత్ర పేగుల్లోని బస్సుని కూడా ఖాళీ చేస్తుంది.

ఖాళీ బస్సులోకి ఎక్కేవాడు: సి. డిఫ్

ఖాళీ సీటు కోసం కాచుకుని ఉండే క్రిముల్లో పేరుమోసినది క్లాస్ట్రిడియాయిడిస్ డిఫిసిల్. డాక్టర్లు ముద్దుగా సి. డిఫ్ అంటారు. 1935లో డెన్వర్‌లో ఆరోగ్యంగా ఉన్న పసిపిల్లల మలంలో దీన్ని మొదట చూశారు. ప్రయోగశాలలో పెంచడం కష్టంగా ఉందని "కష్టమైనది" అన్న అర్థం వచ్చే లాటిన్ పేరు పెట్టారు. పసిపిల్లల్లో హాని చెయ్యకుండా ఉండటం వల్ల నలభై ఏళ్ళపాటు ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

1974లో సెయింట్ లూయిస్‌లో క్లిండామైసిన్ అనే యాంటీబయాటిక్ తీసుకున్న 200 మందిని గమనించారు. వాళ్ళలో 21 శాతం మందికి విరేచనాలు పట్టుకున్నాయి, 10 శాతం మందికి పెద్దపేగు తీవ్రంగా వాచింది. తప్పు మందుదేనని మొదట అనుకున్నారు. మందు చోటు ఖాళీ చేస్తోందని, అసలు దోషి సి. డిఫ్ వదిలే విషమని 1978లో తేలింది.

ఈ క్రిమి దగ్గర రెండు నేర్పులున్నాయి. మొదటిది, పరిస్థితులు బాగా లేనప్పుడు స్పోరుగా మారిపోతుంది. స్పోరంటే గట్టి పెంకున్న గింజలాంటిది. నెలల తరబడి తలుపు గొళ్ళేల మీద, మంచం కమ్మీల మీద బతికే ఉంటుంది. మనం చేతులకి రాసుకునే ఆల్కహాలు శానిటైజరు దాన్ని ఏమీ చెయ్యలేదు. సబ్బు, నీళ్ళతో కడిగితే చావదుగాని చేతుల మీదనించి కొట్టుకుపోతుంది.

రెండోది ఇంకా ఆసక్తికరమైనది. కాలేయం తయారుచేసే పైత్యరసంలోని కొన్ని ఆమ్లాలు తగిలితే ఈ స్పోరు నిద్ర లేచి మొలకెత్తుతుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ పేగుల్లో కొన్ని బాక్టీరియా ఆ ఆమ్లాల రూపం మార్చేస్తాయి. మారిన రూపం సి. డిఫ్‌ని ఎదగనివ్వదు. ఈ పని చేసేవాటిలో క్లాస్ట్రిడియం సిండెన్స్ ముఖ్యమైనదని 2015లో ఎలుకల మీద పరిశోధనలో చూపించారు. చూశారా, సి. డిఫ్‌కి కూడా ఒకప్పుడు క్లాస్ట్రిడియం అనే ఇంటిపేరే ఉండేది. 2016లో మార్చారు. అంటే దొంగ, పోలీసు ఒకే ఇంటిపేరు వాళ్ళు. యాంటీబయాటిక్ పడ్డప్పుడు పోలీసు పోతాడు. దొంగ స్పోరు రూపంలో పెంకులో దాక్కుని, మందు వేడి తగ్గాక బయటికి వస్తాడు.

ఇదేదో అరుదైన జబ్బనుకునేరు. అమెరికా ప్రభుత్వపు వ్యాధి నియంత్రణ సంస్థ వేసిన అంచనా ప్రకారం 2011లో ఒక్క అమెరికాలోనే 4,53,000 మందికి ఇది సోకింది. దాదాపు 29,000 మంది రోగం బయటపడ్డ నెలలోపు చనిపోయారు. అరవై అయిదు దాటినవాళ్ళకి ముప్పు ఎక్కువ.

మా ఇంటికీ వచ్చింది కాబట్టి ఆ ముచ్చట కూడా చెబుతాను. రెండేళ్ళ క్రితం మా అమ్మ ఆరు నెలలు ఉండి వెళ్దామని వచ్చింది. వచ్చిన నెలకే పంటినొప్పి. పెన్సిలిన్ పడదని చెబితే డెంటిస్టు క్లిండామైసిన్ రాశాడు. పన్ను బాగుపడింది. ఆ కోర్సు అయిన వారం పది రోజులకి విరేచనాలు మొదలయ్యాయి, రోజుకి ఎనిమిది, తొమ్మిదిసార్లు. తెనాలి నుంచి మా మామయ్య ఫోనులో, "అక్కయ్యా, కొత్త ఊరు, కొత్త నీళ్ళు. వేడి చేసుంటుంది. మజ్జిగలో ఉప్పేసుకుని తాగు. ఆగకపోతే విరేచనాలు కట్టే మాత్రుందిగా, అదొకటి వేసుకో" అన్నాడు. ఆయన చెప్పిన మజ్జిగ మంచిదే. మాత్ర మాత్రం అమ్మే వద్దంది, "జ్వరం కూడా ఉందిరా, ఒకసారి డాక్టరుకి చూపిద్దాం" అని.

అర్జెంట్ కేరులో నర్సు అడిగిన మొదటి ప్రశ్న, "ఈ మూడు నెలల్లో ఏమైనా యాంటీబయాటిక్ వాడారా?" అని. ఆ ప్రశ్నకి జవాబు వినగానే పరీక్షకి పంపారు. సి. డిఫ్ అని తేలింది. పది రోజుల మందుతో తగ్గింది. విరేచనాలు కట్టే మాత్ర గురించి అడిగితే డాక్టరు, ఈ జబ్బులో అది వేసుకుంటే విషం పేగులోనే నిలిచిపోయే ప్రమాదం ఉంటుందని, తాము చెప్పకుండా వెయ్యవద్దని అన్నారు. ఇంట్లో అందరూ సబ్బుతో చేతులు కడుక్కోవాలని, బాత్‌రూము బ్లీచుతో కడగాలని కాగితం మీద రాసిచ్చారు.

ఆ వైద్యం పేరు చెబితే మొహం చిట్లించకండి

సి. డిఫ్‌కి ఇచ్చే మందు కూడా యాంటీబయాటిక్కే. ఫిడాక్సోమైసిన్ గాని, వాంకోమైసిన్ గాని ఇస్తారు. యాంటీబయాటిక్ తెచ్చిన జబ్బుకి మళ్ళీ యాంటీబయాటిక్! ఫలితంగా ప్రతి అయిదారుగురిలో ఒకరికి జబ్బు తిరగబెడుతుంది. ఒకసారి తిరగబెట్టినవాళ్ళకి మళ్ళీ మళ్ళీ తిరగబెట్టే అవకాశం పెరుగుతూ పోతుంది. బస్సు నిండనంతకాలం ఈ గొడవ తప్పదు.

మరయితే బస్సుని ఒక్కసారిగా నింపేస్తే? 1958లో డెన్వర్‌లో బెన్ ఐస్‌మన్ అనే సర్జను సరిగ్గా అదే చేశారు. పేగు వాచి చావుబతుకుల్లో ఉన్న నలుగురు రోగులకి ఆరోగ్యవంతుల మలాన్ని ఎనిమా ద్వారా ఎక్కించారు. వాళ్ళు కోలుకున్నారు. సి. డిఫ్ సంగతి అప్పటికి ఎవరికీ తెలియదు. నాలుగో శతాబ్దంలోనే చైనాలో గె హాంగ్ అనే వైద్యుడు తీవ్రమైన విరేచనాలకి ఇలాంటి కషాయం తాగించినట్టు రాసిపెట్టారు.

ఈ వైద్యం నిజంగా పనిచేస్తుందా అని పద్ధతి ప్రకారం చూసింది 2013లో, నెదర్లాండ్స్‌లో. జబ్బు తిరగబెట్టినవాళ్ళని చీట్లు తీసినట్టు గుంపులుగా విడగొట్టారు. వాంకోమైసిన్ ఒక్కటే ఇచ్చిన 13 మందిలో నలుగురికి నయమైంది. మలం ఎక్కించిన 16 మందిలో 13 మందికి ఒక్కసారికే నయమైంది, రెండోసారితో కలిపి 15 మందికి. తేడా ఇంత స్పష్టంగా ఉన్నాక మిగతావాళ్ళకి ఆ వైద్యం ఇవ్వకుండా ఉండటం న్యాయం కాదని ప్రయోగాన్ని మధ్యలోనే ఆపేశారు.

ఆ తరవాత యూట్యూబు చూసి ఇంట్లోనే చేసుకున్నవాళ్ళు కూడా ఉన్నారు. దయచేసి ఆ పని చెయ్యకండి. 2019లో అమెరికాలో సరిగ్గా పరీక్షించని మలంతో ఇద్దరు రోగులకి మందులకి లొంగని ఈ-కోలై సోకింది. ఇద్దరూ రోగనిరోధక శక్తి తగ్గినవాళ్ళే. వాళ్ళలో ఒకరు చనిపోయారు. ఇప్పుడు ఆ అవసరం కూడా లేదు. దాతల్ని జల్లెడ పట్టి, శుద్ధిచేసి తయారుచేసిన రెబయోటా అనే మందుకి 2022 నవంబరులోను, నోటితో మింగే వౌస్ట్ అనే గొట్టం మాత్రలకి 2023 ఏప్రిల్‌లోను ఎఫ్.డి.ఏ. అనుమతి ఇచ్చింది. రెండూ జబ్బు తిరగబెట్టకుండా ఆపడానికి ఇచ్చేవే.

మరి సీసాలో ప్రోబయోటిక్ సంగతి?

ఇప్పుడు మన అసలు ప్రశ్నకి వద్దాం. మేలుచేసే బాక్టీరియాని తింటే మంచిదన్న ఆలోచన ఇలియా మెచ్నికోవ్‌తో మొదలైంది. ప్యారిస్‌లో పాశ్చర్ సంస్థలో పనిచేసిన ఈయనకి 1908లో నోబెల్ బహుమతి వచ్చింది. పెద్దపేగులోని కుళ్ళు వల్లే ముసలితనం వస్తుందని, బల్గేరియా రైతులు పులిసిన పాలు తాగడం వల్ల ఎక్కువకాలం బతుకుతున్నారని ఆయన వాదం. రోజూ పులిసిన పాలు తాగేవారు. 71వ ఏట పోయారు. ఆయన సిద్ధాంతం నిలబడలేదుగాని ఆలోచన నిలిచింది.

ఇక్కడ ఒక్క విషయం గుర్తుంచుకుంటే సగం గందరగోళం తీరిపోతుంది. బాక్టీరియా పేర్లు మన పేర్ల లాంటివే. ఇంటిపేరు ముందు, పేరు తరవాత. లాక్టోబాసిలస్ అనేది ఇంటిపేరు, రామ్నోసస్ అనేది పేరు. (2020లో శాస్త్రజ్ఞులు ఈ ఉమ్మడి కుటుంబాన్ని విడగొట్టి కొత్త ఇంటిపేర్లు పెట్టారు. నేనిక్కడ పాతవే వాడుతున్నాను.) ఆ రెండు పేర్లతో కూడా మనిషిని పట్టుకోలేం. ఒకే ఇంటిపేరు, ఒకే పేరు ఉన్నవాళ్ళు ఊళ్ళో పదిమంది ఉంటారు. అందుకే మూడోది ఉండాలి, అది రకం. డోరు నంబరులాంటిది.

రకం ఎంత ముఖ్యమో ఈ-కోలై చూపిస్తుంది. మొదటి ప్రపంచయుద్ధంలో చుట్టూ అందరికీ విరేచనాలు పట్టుకున్నా ఒక సైనికుడికి ఏమీ కాలేదు. జర్మన్ డాక్టరు ఆల్ఫ్రెడ్ నిస్లే 1917లో అతని మలంలోంచి ఒక ఈ-కోలై రకాన్ని తీశారు. అది ఈ రోజుకీ జర్మనీలో మందుగా అమ్ముడవుతోంది. అదే ఈ-కోలైలో ఓ157:హెచ్7 అనే ఇంకో రకం, సరిగ్గా ఉడకని హాంబర్గరులోంచి వచ్చి పిల్లల కిడ్నీలు పాడుచేసింది. కాబట్టి "ప్రోబయోటిక్ మంచిదా?" అని అడగడం, "మాత్ర మంచిదా?" అని అడగడం లాంటిదే. ఏ రకం, ఎంత మోతాదు, ఏ జబ్బుకి, ఎవరికి అని అడగాలి. అలా అడిగితే పరిశోధనలు ఏమంటున్నాయో చూడండి.

పిల్లలకి వాంతులు, విరేచనాలు పట్టుకున్నప్పుడు: 2018లో అమెరికాలో 971 మంది చిన్నపిల్లల మీద లాక్టోబాసిలస్ రామ్నోసస్ జీజీ రకాన్ని, కెనడాలో 886 మంది మీద వేరే రెండు రకాల మిశ్రమాన్ని పరీక్షించారు. ఉత్తుత్తి మందు తీసుకున్న పిల్లలకీ, ప్రోబయోటిక్ తీసుకున్న పిల్లలకీ తేడా లేదు. అమెరికా పరిశోధనలో ఒక గుంపులో విరేచనాలు తగ్గడానికి 49.7 గంటలు పడితే, రెండో గుంపులో 50.9 గంటలు పట్టింది.

యాంటీబయాటిక్‌తో పాటు వేసుకుంటే సి. డిఫ్ రాకుండా ఉంటుందా: బ్రిటన్‌లో ఆసుపత్రుల్లో చేరిన 2,941 మంది పెద్దవాళ్ళ మీద చేసి 2013లో ప్రచురించిన పరిశోధనలో చెప్పుకోదగ్గ ప్రయోజనం కనిపించలేదు. అయితే 2017లో 31 పరిశోధనల్ని, అంటే 8,672 మంది ఫలితాల్ని ఒకచోట చేర్చి చూస్తే ప్రోబయోటిక్ తీసుకున్నవాళ్ళలో 1.5 శాతానికి, తీసుకోనివాళ్ళలో 4 శాతానికి సి. డిఫ్ విరేచనాలు వచ్చాయి. ముప్పు బాగా ఎక్కువ ఉన్నవాళ్ళలోనే ప్రయోజనం తేలింది. అందుకే 2020లో అమెరికా జీర్ణకోశ వైద్యుల సంఘం కొన్ని ప్రత్యేకమైన రకాలని మాత్రమే, అదీ షరతులతో సూచించింది. పిల్లల విరేచనాలకి వద్దంది.

యాంటీబయాటిక్ అయ్యాక పేగులు త్వరగా కోలుకుంటాయా: ఇది నన్ను బాగా ఆశ్చర్యపరచిన ఫలితం. 2018లో వైజ్‌మన్ సంస్థలో ఆరోగ్యవంతులైన 21 మందికి యాంటీబయాటిక్స్ ఇచ్చి మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకి పదకొండు రకాల ప్రోబయోటిక్ ఇచ్చారు. ఒక గుంపుని ఊరికే వదిలేశారు. మూడో గుంపుకి ముందుగా దాచిపెట్టిన వాళ్ళ మలాన్నే తిరిగి ఎక్కించారు. మూడో గుంపు కొన్ని రోజుల్లోనే పూర్వస్థితికి వచ్చింది. ఊరికే వదిలేసినవాళ్ళు మెల్లగా కోలుకున్నారు. ప్రోబయోటిక్ తీసుకున్నవాళ్ళే అందరికన్నా వెనకబడ్డారు! సీసాలోంచి వచ్చినవాళ్ళు సీట్లలో తువ్వాళ్ళు వేసేసరికి అసలు కాపురస్తులు తిరిగి రావడం ఆలస్యమైంది. చిన్న పరిశోధనే. అయినా నేను మొదట్లో చెప్పిన ఆ "లెక్క సరిపోతుంది" నమ్మకానికి ఇది నేరుగా అడ్డం తగులుతోంది.

ఒడిశా పల్లెల్లో ఏం జరిగింది

అయితే ప్రోబయోటిక్స్ అన్నీ వట్టివేనా? కాదు. 2017లో నేచర్ పత్రికలో వచ్చిన ఒక పరిశోధన మన పొరుగున ఒడిశాలో జరిగింది. డాక్టర్ పినాకి పాణిగ్రాహి బృందం 149 గ్రామాల్లో 4,556 మంది నవజాత శిశువుల్ని తీసుకుంది. తల్లిపాలు తాగుతున్న, ఆరోగ్యంగా పుట్టిన బిడ్డలు. సగంమందికి పుట్టిన రెండు నుంచి నాలుగు రోజుల మధ్య మొదలుపెట్టి, వారంపాటు లాక్టోబాసిలస్ ప్లాంటారమ్‌లోని ఒక ప్రత్యేకమైన రకాన్ని, దానికి తిండిగా ఒక రకం చక్కెరని కలిపి ఇచ్చారు. రెండు నెలలపాటు గమనించారు. ఉత్తుత్తి మందు తీసుకున్నవాళ్ళలో 9 శాతం మంది రక్తం విషమయ్యే జబ్బు పాలబడటమో చనిపోవడమో జరిగితే, మందు తీసుకున్నవాళ్ళలో అది 5.4 శాతం. నలభై శాతం తగ్గుదల! ఇక్కడా ప్రయోగాన్ని ముందే ఆపేశారు. వారం మందు ఖర్చు ఒక డాలరు దాకా అవుతుందని పరిశోధకులు చెప్పారు.

అమెరికాలో మూడేళ్ళ పిల్లవాడికి పనికిరానిది ఒడిశాలో మూడు రోజుల బిడ్డకి ఎలా పనికొచ్చింది? రకం వేరు, జబ్బు వేరు, చూసిన ఫలితమూ వేరు. వీటికి తోడు బస్సు పోలిక కూడా కొంత అర్థం చేసుకోనిస్తుంది. మూడేళ్ళ పిల్లవాడి పేగుల్లో సీట్లు నిండి ఉంటాయి. మూడు రోజుల బిడ్డ పేగులు ఇప్పుడే స్టాండులోకి వచ్చిన కొత్త బస్సు. మొదట ఎవరెక్కుతారన్నదే అక్కడ ప్రశ్న. రెండింటి మధ్యలో కలకత్తా పరిశోధన ఒకటుంది. అక్కడి మురికివాడల్లో 3,758 మంది పిల్లలకి పన్నెండు వారాలపాటు లాక్టోబాసిలస్ కేసీ షిరోటా ఉన్న పాల పానీయాన్ని ఇస్తే విరేచనాలు 14 శాతం తగ్గాయని 2011లో తేల్చారు. పనిచేసింది, కాని కొంచెమే.

ఇది చదివి పురిటిబిడ్డల నోట్లో షాపులో కొన్న పొడి వెయ్యకండి. ఒడిశాలో ఎంచుకున్నవాళ్ళు దాదాపు నెలలు నిండి, రెండు కిలోలకి తగ్గకుండా పుట్టిన బిడ్డలు. నెలల ముందు పుట్టిన బిడ్డల సంగతి వేరు. ఆసుపత్రిలో ప్రోబయోటిక్ ఇచ్చిన అలాంటి బిడ్డ ఒకరు ఆ బాక్టీరియా రక్తంలోకి చేరి చనిపోవడంతో, 2023లో ఎఫ్.డి.ఏ. డాక్టర్లకి హెచ్చరిక జారీ చేసింది.

పెరుగన్నం మాటేమిటి?

ఈ ప్రశ్న రాకుండా తెలుగువాళ్ళ మధ్య ఈ చర్చ ముగియదు. ఇంట్లో తోడుపెట్టిన పెరుగులో బతికున్న బాక్టీరియా కోట్లకొద్దీ ఉంటాయి. కాని ఏ రకాలో, ఎన్నో ఒక్కో ఇంట్లో ఒక్కోలా ఉంటుంది. అందుకని దాన్ని మందనలేం. మంచి తిండి అనవచ్చు. మజ్జిగపులుసు మరిగిస్తే అవి చచ్చిపోతాయి. ఇడ్లీపిండి పులిసింది కదా అంటారా, ఆవిరి మీద ఉడికేసరికి వాటి పనీ అంతే. చద్దన్నంలో, చల్లటి పెరుగులో మాత్రం బతికే ఉంటాయి.

2021లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వాళ్ళు 36 మంది పెద్దవాళ్ళ మీద పది వారాల పరిశోధన ఒకటి చేశారు. పెరుగు, పులియబెట్టిన కూరగాయల లాంటివి బాగా తిన్న గుంపులో పేగుల బాక్టీరియా రకాలు పెరిగాయి, ఒంట్లో వాపుని సూచించే 19 ప్రొటీన్లు తగ్గాయి. మన పెరుగన్నాన్ని విడిగా పరీక్షించలేదుగాని, అలవాటు మానుకోవడానికి కారణం ఏమీ కనిపించడం లేదు.

విరేచనాలు పట్టుకున్నప్పుడు ప్రాణం నిలిపేది మాత్రం ఉప్పు, చక్కెర కలిపిన నీళ్ళు. 1971లో బంగాదేశ్ శరణార్థుల శిబిరంలో కలరా చెలరేగినప్పుడు సెలైన్ సీసాలు అయిపోతే డాక్టర్ దిలీప్ మహలనబిస్ డ్రమ్ముల్లో ఈ నీళ్ళు కలిపి తాగించారు. 30 శాతం దాకా ఉన్న మరణాలు 3.6 శాతానికి పడిపోయాయి. ఓ.ఆర్.ఎస్. పొట్లాన్ని మించిన మందు ఏ ప్రోబయోటిక్ సీసాలోనూ లేదు.

ఇంట్లో గుర్తుంచుకోవలసినవి

1. జలుబు, ఫ్లూ లాంటి వైరస్ జబ్బులకి యాంటీబయాటిక్ పనిచెయ్యదు. బస్సు మాత్రం ఖాళీ అవుతుంది. ఇంట్లో మిగిలిన మాత్రల్ని సొంతంగా వాడకండి.

2. డాక్టరు అవసరమని రాసిన యాంటీబయాటిక్‌ని భయపడి మానకండి. "ఇది తప్పనిసరా? ఎన్ని రోజులు?" అని అడగడానికి మొహమాటపడకండి.

3. యాంటీబయాటిక్ వాడుతున్నప్పుడుగాని, ఆ తరవాత రెండు మూడు నెలల్లోగాని, రోజుకి మూడుసార్లు లేదా అంతకి మించి నీళ్ళవిరేచనాలు అవుతుంటే డాక్టరుకి చెప్పండి. జ్వరం, రక్తం, కడుపునొప్పి ఉంటే ఆ రోజే వెళ్ళండి. కట్టే మాత్ర మీ అంతట మీరు వెయ్యకండి. ఈలోగా ఓ.ఆర్.ఎస్. తాగించండి.

4. విరేచనాల రోగి ఉన్న ఇంట్లో శానిటైజరుని నమ్ముకోకండి. సబ్బు, నీళ్ళు వాడండి.

5. ప్రోబయోటిక్ కొనేముందు సీసా మీద మూడో పేరు, అంటే రకం, ఉందో లేదో చూడండి. అది మీకున్న జబ్బుకి పనిచేసిందని ఎవరైనా చూపించారా అని డాక్టరుని అడగండి. రోగనిరోధక శక్తి తగ్గినవాళ్ళు, కీమో తీసుకునేవాళ్ళు అడగకుండా వేసుకోకూడదు.

6. ఈ వేసవికి అమ్మానాన్నలు, అత్తమామలు వస్తుంటే, బయలుదేరేముందు ఆరు నెలల్లో వాళ్ళు వాడిన యాంటీబయాటిక్స్ పేర్లు, తేదీలు ఒక కాగితం మీద ఇంగ్లీషులో రాయించి పాస్‌పోర్టుతో పాటు పెట్టించండి. అర్జెంట్ కేరులో నర్సు ముందు అడిగేది అదే. "ఏదో ఎర్ర గొట్టం మాత్ర" అంటే వాళ్ళకి ఏమీ తెలియదు.